గ్యాసు గుంతకి కొత్త పెట్టిన సోంబరు

గుమ్మడిగెడ్డ నడిబొడ్డున నిలబడి "సోంబరూ" అని కేకేస్తే ముగ్గురు పలుకుతారు. సోమవారం పుట్టిన మగబిడ్డకి ఇంకో పేరు వెతికే ఓపిక ఆ ఊరికి ఏనాడూ లేదు. అందుకని ఒకాయన మేకల సోంబరయ్యాడు, ఒకాయన పొడుగు సోంబరయ్యాడు, మూడో ఆయన గ్యాసు సోంబరయ్యాడు. ఈ కథ మూడో ఆయనది. అరవై దాటిన మనిషి. సన్నగా వెదురుబద్దలా ఉంటాడు. మోకాళ్ళ దాకా పంచె, నెత్తికి తువ్వాలు, మోచేతుల దాకా పేడ. ఆ పేడ చేతులతోనే దణ్ణం పెడతాడు, ఎదుటివాళ్ళు ఒకడుగు వెనక్కేస్తే నవ్వుకుంటాడు.

హుకుంపేట సంతకి పోయే రోడ్డు దిగి, గెడ్డ అనే కొండవాగు దాటి, కాఫీతోటల్లోంచి పైకెక్కితే ఆ ఊరు వస్తుంది. ఊరి కొసన సోంబరు ఇల్లు, ఇంటి పక్కన గ్యాసు గుంత. చూడ్డానికి బావిలా ఉంటుంది. బావి మీద బోర్లించినట్టు పెద్ద ఇనప డ్రమ్ము, ఒక పక్క మేత కలిపి పోసే సిమెంటు తొట్టి, ఇంకో పక్క అరిగిపోయిన పేడనీళ్ళు బయటికొచ్చే కాలవ. గుంతలో గ్యాసు పుడితే డ్రమ్ము పైకి లేస్తుంది, గొట్టాలు పోయిన అయిదారిళ్ళలో పొయ్యిలు వెలిగితే కిందికి దిగుతుంది. మీటరూ గీటరూ అక్కర్లేదు. డ్రమ్ము ఎత్తు చూసి, ఆ పూట ఎవరింటికి చుట్టాలొచ్చారో సోంబరు చెప్పేయగలడు.

దాని మేతలో సగం పేడ, సగం కానుగ చెక్క. హుకుంపేట అవతల ఒక చిన్న మిల్లులో కానుగ గింజలు ఆడించి, ఆ నూనెతో డీజిల్ చేస్తారు. నూనె పిండేశాక మిగిలిన చెక్క ఎంత చేదంటే ఆకలితో ఉన్న గొడ్డు కూడా మూతి తిప్పుకుంటుంది. మునుపు అది మిల్లు వెనకాల గుట్టలుగా పడి వానకి కుళ్ళేది. చలికాలంలో అయితే కాఫీపళ్ళు ఒలిచిన తొక్కలు కూడా గుంతకే వస్తాయి. అవి మునుపు గెడ్డలో పడి నీళ్ళని తాగడానికి పనికిరాకుండా చేసేవి. గొడ్డు ముట్టనిదీ గెడ్డ మోయలేనిదీ ఈ గుంత ఆరగిస్తుంది. నానబెట్టిన చెక్కని పేడలో పిసుకుతూ, సోంబరు ఆ గుంతతో ఇంటి ఆడమనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాడు.

"ఏటే, రాత్రి తిన్నది అరిగిందేటి? కూకో, తెస్తన్నాను. నీకన్నిటికీ తొందరే."

దారినపోయేవాళ్ళు విని నవ్వుతారు. గుమ్మడిగెడ్డలో పాతవాళ్ళు మాత్రం నవ్వరు. ఆ మిల్లుకి పోయే గింజల్లో సగం తవిటమ్మ చెట్లవని వాళ్ళకి తెలుసు. తవిటమ్మ సోంబరు పెళ్ళాం. పోయి పదేళ్ళ పైమాట.

ఆమెది కొండ అవతల చీపురువలస. పెద్దకొడుకు తరవాత పుట్టిన పిల్లలంతా పురిట్లోనే పోతుంటే, ఈ ఒక్కత్తెనైనా దక్కించుకుందామని తల్లి ఆమెని చేటలో పడుకోబెట్టి పొరుగింటి ముసలమ్మకి ఇచ్చేసి, దోసెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. అలా తవిటమ్మ అయింది. మొగుడూ పెళ్ళాల పోట్లాట ఎక్కడ మొదలైనా చివరికి ఆమె మాట దగ్గరే ఆగేది: "తవుడుకి కొన్న మనిషిని, నన్నేటి సేత్తావు?" సోంబరు తువ్వాలు దులుపుకుని గొడ్ల దగ్గరికి పోయేవాడు. అసలే నోట్లో నాలుక లేని మనిషి.

ఆమెని మొదటిసారి చూసింది హుకుంపేట సంతలో. కానుగ గింజల బుట్ట దించి తూకం వేయించుకుంటోంది. షావుకారు తక్కెడ మీద చిటికెన వేలు వేసి నొక్కాడు. ఆమె ఆ వేలు పట్టుకుని, వదలకుండా, సంతంతా వినేట్టు అరిచింది. జనమంతా షావుకారి వేలు చూశారు. సోంబరు మాత్రం అరిచిన మనిషినే చూశాడు. ఆ చూపు చూసి మేకల సోంబరు, "ఈడి పని అయిపోనాది" అన్నాడట. నిజంగానే అయిపోయింది.

కాపురానికొచ్చిన కొత్తలోనే ఆమె అత్తగారి పొయ్యి నచ్చలేదని పీకేసింది. గెడ్డ ఒండ్రూ పుట్టమన్నూ కలిపి, చోడిపొట్టు వేసి తొక్కి, తన చేత్తో కొత్త పొయ్యి వేసింది. అత్తగారు వారం మాట్లాడలేదు. ఆ పొయ్యి మీద రాగులతో వండిన చోడి అంబలి తాగాక, ఆవిడే మాట కలిపింది.

ఆ రోజులు తలుచుకుంటే సోంబరుకి ముందు వాన గుర్తుకొస్తుంది. అప్పట్లో ఆ కొండల్లో వాన పట్టిందంటే వారాల తరబడి వదిలేది కాదు. ఎదురుగా ఉన్న కొండ ఎటు పోయిందో తెలిసేది కాదు. పనుల్లేవు, బయటికి పోవడం లేదు. ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ చేరేవాళ్ళు. తడి దుప్పట్లు దండెం మీద ఆవిర్లు కక్కుతుండేవి, నిప్పుల్లో మొక్కజొన్న కండెలు చిటపటలాడేవి, కుండలో అంబలి కుతకుతలాడేది. పచ్చి కట్టెలు రాజుకోక పొగ లేచేది. కళ్ళు నులుముకుంటూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ ఉండేవాళ్ళు కానీ ఎవరూ లేచి పోయేవాళ్ళు కాదు. ఊదుగొట్టం పట్టుకుని తవిటమ్మ బుగ్గలు పొంగించి ఊదుతుంటే మంట లేచి ఆమె మొహం వెలిగేది. ఆ అంబలికి పొగ వాసన ఉండేది. ఆమె కొంగుకీ, జుట్టుకీ, పిల్లాడి దుప్పటికీ అదే వాసన. ఇల్లంటే ఆ వాసనే అనుకునేవాడు సోంబరు. అంతకన్నా సుఖంగా బతికిన రోజులు ఆయనకి లేవు.

కానుగ మొక్కలు వచ్చింది కూడా ఆ కాలంలోనే. ఒకరోజు జీపుల్లో ఆఫీసర్లు దిగి, ఊరినంతా కూర్చోబెట్టి, ఇక మీదట చెట్లకి డీజిల్ కాస్తుందని చెప్పారు. "అయితే బాబూ, జీపు కాసే మొక్క కూడా ఒకటిప్పించండి" అన్నాడు పొడుగు సోంబరు. అందరూ విరగబడి నవ్వి, ఇచ్చిన మొక్కలు గెడ్డ ఒడ్డున పారేసి ఇళ్ళకి పోయారు. తవిటమ్మ నవ్వలేదు. చిన్నప్పుడు వాళ్ళింట్లో దీపం వెలిగింది కానుగ నూనెతోనే. పారేసిన మొక్కలన్నీ ఏరుకొచ్చి గెడ్డ పొడుగూతా, గట్ల మీదా నాటింది. వేసవిలో కావిడితో నీళ్ళు మోసింది, సోంబరు చేతా మోయించింది. కొన్నేళ్ళు తిరిగేసరికి ఆ పథకం ఏమైందో ఎవరికీ తెలియదు. జీపులు వచ్చిన దారినే పోయాయి, మళ్ళీ రాలేదు. ఇంకేం, చెట్లు ఒట్టినే ఎందుకు, వంటచెరుకైనా అవుతాయని ఊరు గొడ్డళ్ళు పట్టుకుని బయల్దేరింది. తవిటమ్మ కొడవలి పట్టుకుని గెడ్డ ఒడ్డున అడ్డం నిలబడింది.

"మాటిచ్చి పోనోడు ఆఫీసరు. సెట్టేటి సేసింది? సెట్టు మీకేటైనా మాటిచ్చిందేటి?"

ఆ మాటకి గొడ్డళ్ళు వెనక్కి తిరిగాయి. మాట వల్ల అన్నది సోంబరు, కొడవలి వల్ల అంటారు మిగతావాళ్ళు. ఏదైతేనేం, చెట్లు నిలిచాయి. వేసవి మొదట్లో పూసి, పూలు పేలాల్లా రాలేవి. ఆ నీడన కూర్చుని ఆమె గింజలు కొట్టేది. కొడుతూ దగ్గేది.

ఆ దగ్గు ఎప్పుడు మొదలైందో ఆయనకి తెలియదు. పొయ్యి దగ్గర కూర్చునే ఆడవాళ్ళంతా దగ్గుతారు, ఊళ్ళో అదొక జబ్బని ఎవరూ అనుకోలేదు. వేరు అరగదీసి ఇచ్చారు, తాయెత్తు కట్టారు. చివరికి పాడేరు తీసుకెళ్తే డాక్టరు ఎక్సరే చూసి, "ఎన్నాళ్ళ నుంచి పొగలో వండుతోంది?" అని అడిగాడు. సోంబరుకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. పొగ లేకుండా ఎవరైనా ఎలా వండుతారు? ఆ వానాకాలంలోనే తవిటమ్మ పోయింది. మట్టి చేసి గెడ్డలో స్నానాలు చేస్తుండగా, ఆమె అన్న యేసురత్నం నడుం లోతు నీళ్ళలో నిలబడి అందరి ముందూ అన్నాడు.

"మా సెల్లిని పొగలో ఎండబెట్టి సంపీసినావు బావా. ఇంక నువ్వు మా గడప తొక్కకు."

సోంబరు నీళ్ళలోంచి లేచి ఒడ్డుకెక్కాడు. ఏడవను కూడా లేదు. యేసురత్నం చీపురువలస ప్రార్థన మందిరానికి పెద్ద, అబద్ధమాడే మనిషి కాదు. అందుకే ఆ మాట సోంబరు గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. సంతలో ఎదురుపడితే ఒకరు ఉల్లిపాయలు చూసేవారు, ఇంకొకరు ఆకాశం చూసేవారు.

తవిటమ్మ వేసిన పొయ్యిని సోంబరు ఎవరినీ పీకనివ్వలేదు. ప్రతి పండగకీ తనే ఎర్రమట్టితో అలికేవాడు. కొడుకు బాలాజీ ఆటో నడుపుతాడు. వాడికి పాచిపెంట నుంచి గంగని తెచ్చి పెళ్ళి చేశారు. గంగ ఆ పొయ్యి మీదే వండింది, మూడో ఏడు తిరక్కుండా దగ్గడం మొదలెట్టింది. ఇంట్లో ప్రభుత్వం ఇచ్చిన సిలిండరు లేకపోలేదు. ఒకసారి అయిపోయాక, నిండుది తేవాలంటే వానాకాలం బండి రాదు, ఎండాకాలం చేతిలో డబ్బాడదు. అది మూల నిలబడి, కోళ్ళ గంప పెట్టుకోవడానికి పీటలా పనికొస్తోంది. ఈసారి సోంబరు ఆలస్యం చెయ్యలేదు. కోడల్ని హుకుంపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ గంగ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, ఈ పిల్ల ఊపిరితిత్తులు ముందే బలహీనం, ఇక మీదట పొగ తగిలితే మనిషి దక్కదని చెప్పేసింది.

గ్యాసు గుంత కడతామని ఒక సంస్థ వాళ్ళు ఊళ్ళోకి వచ్చింది సరిగ్గా అప్పుడే. వచ్చిన పిల్ల పేరు మెర్లిన్, పాడేరు మిషన్ స్కూలు టీచరు కూతురు. కట్టడం వాళ్ళ పని, రోజూ మేత పెట్టడం ఊళ్ళో ఒకరి పని అంది. పేడలో చెయ్యి పెట్టడానికి ఎవరు ముందుకొస్తారని అడిగితే ఊరంతా నేలచూపులు చూసింది. మీటింగులో ఏనాడూ గొంతు విప్పని సోంబరు లేచి నిలబడ్డాడు.

"నాను పెడతాను. మా ఇంటికి గొట్టమేత్తావా?"

మొదటిసారి గంగ ముందు నీలం మంట వెలిగిన రోజు, మెర్లిన్ ఆయన్ని పక్కకి పిలిచి చెప్పింది. "తాతా, దీనికీ మనలాగే పొట్ట ఉంది. పేడా, చెక్కా, నీళ్ళూ కొలతగా పెట్టండి. తినగలిగింది పెడితే ఏళ్ళ తరబడి మంట ఇస్తుంది. ఎక్కువ పెట్టారో, పులిసిపోతుంది." సోంబరు తలూపాడు. మూడేళ్ళు ఆ మాట జవదాటలేదు. గంగ దగ్గు తగ్గుతూ తగ్గుతూ పోయింది, ఒంటికి కాస్త కండ పట్టింది. గుంతని చూసుకోవడమంటే గంగ ఊపిరిని చూసుకోవడమేనని ఆయన మనసులో ఉండేది. ఇంటికొచ్చిన చుట్టాలకి ముందు కొడుకుని కాదు, డ్రమ్ముని చూపించేవాడు.

ఇంత జాగ్రత్తగల మనిషి తప్పు చేసింది ప్రేమ వల్ల. ఎవరి మీద ప్రేమ అంటే చెప్పడం కష్టం.

మొన్నటి భాద్రపదంలో కొర్రకొత్త పండగ వచ్చింది. కొత్త కొర్రలు ఇంటికొచ్చినా ఆ పండగ అయ్యేదాకా నోట పెట్టరు. గుమ్మడిగెడ్డలో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. మనుషులు తినేముందు, పంటకి పనిచేసిన ప్రతిదానికీ ఒక ముద్ద పెట్టాలి. నాగలికి ఒక ముద్ద, ఎడ్లకి ఒక ముద్ద, తిరగలికీ చేటకీ కొడవలికీ తలా ఒకటి. గతించిన పెద్దలకి సరేసరి. సోంబరు అన్నిటికీ పెట్టుకుంటూ వచ్చి, తవిటమ్మ పేరున ఆకులో ముద్ద తీసి పొయ్యి దగ్గర పెట్టబోయి ఆగాడు. ఆమె చెట్ల చెక్క తిని, ఆమె ఇంటికి మంట ఇస్తోంది గుంత. పనిచేసినదానికి కొత్త పెట్టకపోతే ఉసురు తగలదూ? ఆ ముద్ద తీసుకెళ్ళి తొట్టిలో వేసి, దణ్ణం పెట్టుకున్నాడు.

ఒక్క ముద్దతో ఆగితే గుంతకి ఏమీ అయ్యేది కాదు. కానీ గోడ మీంచి మేకల సోంబరు పెళ్ళాం సోములమ్మ చూసింది. "అవునర్రా, మనం మరిసిపోనాం!" అని ఊరంతటికీ చెప్పింది. ఇక చూడండి. గ్యాసు వచ్చేది అయిదారిళ్ళకే అయినా నైవేద్యం ఊరంతా తెచ్చింది. గొట్టం లేని ఇళ్ళవాళ్ళు, వచ్చే ఏడైనా తమకి గొట్టం పడుతుందని ఇంకా పెద్ద గిన్నెలు తెచ్చారు. ఒకరు కొర్రన్నం తెస్తే, ఇంకొకరు బెల్లం వేసిన గుమ్మడికాయ తెచ్చారు. అంబలి కుండలొచ్చాయి, ఉడికిన కండెలొచ్చాయి. పొడుగు సోంబరైతే చోడిపిండి పులియబెట్టి చేసిన లందా కడవతో తెచ్చి, "ఆడదైనా మగదైనా పండగనాడు తాగాల్సిందే" అంటూ గుమ్మరించాడు. తిలాపాపం తలా పిడికెడన్నట్టు, ఊరు ఊరంతా కలిసి గుంత పొట్ట పగిలేట్టు పెట్టింది. వద్దనాల్సిన మనిషి సోంబరే. ఆయన డ్రమ్ము పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. తవిటమ్మకి ఊరంతా కొత్త పెడుతుంటే చేతులెలా అడ్డం పెడతాడు?

రెండు రోజులు డ్రమ్ము ఎన్నడూ లేనంత పైకి లేచింది. "సూసినావా, ఎంత సంబరపడిపోతందో!" అనుకున్నారు. మూడో రోజు నుంచి దిగడం మొదలెట్టింది. గుంతలోంచి పులిసిన కుడితి కంపు కొట్టింది. పొయ్యిలో మంట పసుపు రంగు తిరిగి, టపటప కొట్టుకుని ఆరిపోయింది. బయట ముసురు పట్టింది. గంగ తడి కట్టెలు తెచ్చి, పాత పొయ్యి రాజేసింది.

గొడ్లని కట్టేసి వానలో తడిసి ఇంట్లోకి అడుగుపెట్టిన సోంబరు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇల్లంతా పొగ. చూరు కింద నీలంగా తేలుతోంది. అదే వాసన. ఆయన కాళ్ళు వాటంతటవే పొయ్యి దగ్గరికి పోయాయి, తన పాత చోట గొంతుక్కూర్చున్నాడు. గంగ అంబలి ఇస్తే కళ్ళు మూసుకుని తాగాడు. కళ్ళు మూసుకుంటే తవిటమ్మ ఇంట్లోనే ఉంది, ఊదుగొట్టం కోసం తడుముకుంటోంది, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఏదో ఒక మాట అంటుంది.

మెర్లిన్‌కి ఫోన్ చెయ్యాలని ఆయనకి తెలుసు. మర్నాడు చేద్దామనుకున్నాడు. మర్నాడు వాన ఎక్కువగా ఉందనుకున్నాడు. గుంతకేమైందని బాలాజీ అడిగితే, "తిండెక్కువైంది, అదే తగ్గుతాది" అన్నాడు. గంగ అప్పుడప్పుడూ దగ్గుతూనే ఉంది. కొంగు అడ్డం పెట్టుకుని, మావకి వినపడకుండా దగ్గేది. సోంబరు మాత్రం రోజూ సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేవాడు. ఎన్నో ఏళ్ళ తరవాత ఆయనకి ఇంటికి పోవాలనిపిస్తోంది.

ఆరో రోజో ఏడో రోజో, అంబలి చెంబు పట్టుకుని కళ్ళు మూసుకుని ఉండగా దగ్గు వినపడింది. లోపల్నుంచి తోసుకొచ్చే పొడుగాటి దగ్గు, మధ్యలో ఊపిరి అందక ఆగి మళ్ళీ మొదలయ్యే దగ్గు. ఆయనకి ఎంతో తెలిసిన దగ్గు. అది వింటూ ఆయన పెదాల మీద నవ్వు వచ్చింది. తవిటి దగ్గుతోంది, అయితే తవిటి ఉంది. అంతే అనుకున్నాడు. ఆ నవ్వు తనకే తెలిసింది, గతుక్కుమని కళ్ళు తెరిచాడు. గంగ గోడ పట్టుకుని ఒంగిపోయి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. గాలి కోసం నోరు తెరిచింది కానీ గాలి లోపలికి పోవడం లేదు.

"బాలాజీ! బేగి రా! గంగని బయటికి తీసుకుపో, బేగి!"

కొడుకు పరిగెత్తుకొచ్చి ఆమెని రెండు చేతుల్లో ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టాడు. చాలాసేపటికి గాలి ఆడింది. "రేపట్నుంచి నాను వొండుతాను" అన్నాడు బాలాజీ. ఒంటిగది ఇంట్లో ఎవరు వండినా పొగ అందరిదీను. సోంబరు చెంబెడు నీళ్ళు పొయ్యిలో గుమ్మరించాడు. పొగే కాదు, ప్రాణం తీసే ఆ దగ్గు కూడా తనకి తీపైపోయిందే, ఇంతకన్నా పాపం ఏముంటుందనుకున్నాడు. గెడ్డలో నిలబడి బావ అన్న మాట అప్పుడు నిజమో కాదో గానీ, ఇవాళ నిజమయ్యేది.

వానలోనే సిగ్నల్ దొరికే బండ మీదికెక్కి మెర్లిన్‌కి ఫోన్ చేసి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఎన్ని రోజులైందని అడిగితే అదీ చెప్పాడు. ఆ పిల్ల తిట్టలేదు, అదే ఆయనకి ఎక్కువ బాధనిపించింది.

"పులిసిపోయింది తాతా. సగం తోడి పారబోయండి. బూడిద జల్లెడ పట్టి నీళ్ళలో కలిపి పోయండి. ఆ తరవాత బాగా నడుస్తున్న గుంతలోంచి పేడనీళ్ళు తెచ్చి కలపాలి, పాలకి వేసే తోడంటు లాగా. వట్టి కొత్త పేడతో అయితే ఈ చలిలో నెల పైన పడుతుంది. కల్వర్టు కొట్టుకుపోయింది, నేను బండి తేలేను. మీకు దగ్గర చీపురువలసే. యేసురత్నం గారని మందిరం పెద్ద, అక్కడి గుంతని ఆయనే చూసుకుంటారు. మీకు తెలుసా?"

"తెలుసమ్మా" అన్నాడు సోంబరు.

తెల్లారగానే కావిడికి రెండు డబ్బాలు కట్టుకుని కొండెక్కాడు. దారి జారుతోంది. పెళ్ళిచూపులకి ఎక్కింది ఈ కొండే, పురిటికి తవిటమ్మని దింపడానికి ఎక్కిందీ ఈ కొండే. చీపురువలసలో మందిరం పక్కన డ్రమ్ము నిండుగా లేచి ఉంది. యేసురత్నం ఎరువుల సంచి గొంగడిలా కప్పుకుని మేత కలుపుతున్నాడు. తలెత్తి చూశాడు. అక్కడ చూడ్డానికి ఉల్లిపాయల్లేవు. మంచుకి ఆకాశమూ లేదు.

"ఏటి బావా, దారి తప్పినావేటి?"

"నేదు. నీ కాడికే వొచ్చినాను. నీ గుంతలో నీళ్ళు రెండు డబ్బాలు కావాల."

ఎందుకని ఆయన అడగలేదు, ఈయనే చెప్పాడు. ముద్ద పెట్టిన దగ్గర్నుంచి లందా దాకా చెప్పేసరికి యేసురత్నం మూతి బిగించుకున్నా నవ్వు ఆగలేదు. "గ్యాసు గుంతకి లందా పోసినారా! మీ ఊరోళ్ళకి దండం బావా." అంతలోనే నవ్వు ఆపి అడిగాడు. "నీ కోడలికి ఎలాగుంది?"

"తవిటికొచ్చినట్టే వొచ్చినాది." సోంబరు కావిడి దించి, పేడ తట్ట పక్కన కూలబడ్డాడు. "పొగ రాగానే నాకు తవిటి వొచ్చినట్టుంది బావా. అందుకే ఊరుకున్నాను. ఆ పిల్ల దగ్గుతుంటే కూడా కళ్ళు మూసుకుని ఇన్నాను. నువ్వానాడన్న మాట నిజమే."

యేసురత్నం చేతులు తొట్టిలోనే ఉండిపోయాయి.

"నిజం కాదు" అన్నాడు. "అది నీ ఇంటికొచ్చేటప్పటికే దగ్గేది. ఐదేళ్ళ పిల్లప్పట్నుంచి మా అమ్మ దాన్ని పొయ్యి కాడ కూకోబెట్టి ఊదమనేది. నాను మగోణ్ణని బయట ఆడుకునేవోణ్ణి. నా కూడు ఉడకడానికే అది ఊదేది బావా. ఆ మాట దేవుడితో ఎన్నో మాట్లు సెప్పుకున్నాను. నీతో సెప్పడానికి ఈ కొండెక్కలేకపోనాను."

ఇద్దరు ముసలాళ్ళు పేడ చేతులతో ఒకరి ఎదురుగా ఒకరు కూర్చుని ఏడ్చారు. తవిటమ్మ పోయినప్పుడు రాని ఏడుపు సోంబరుకి అప్పుడొచ్చింది. అటుగా పోతున్న ఒకావిడ ఎవరు పోయారోనని ఆగి చూసి, అర్థంకాక వెళ్ళిపోయింది.

"రెండు డబ్బాలు ఏ మూలకి సాల్తాయి?" అంటూ యేసురత్నమే ముందు లేచాడు. మందిరానికొచ్చే కుర్రాళ్ళని కేకేసి దొరికిన డబ్బాలన్నీ నింపించాడు. "ఆ పిల్లని ఇటు పంపీ. మా ఇంట్లో పొగ నేదు. నీ గుంత లేచినదాకా నా కాడుంటాది."

గంగని బాలాజీ ఆ పూటే చీపురువలస తీసుకెళ్ళాడు. సోంబరు గుంత సగం తోడించాడు, పొయ్యిలో బూడిదంతా జల్లించి కలిపాడు, కొండ మీంచి వచ్చిన పేడనీళ్ళు పోశాడు. తరవాత పసిపిల్లకి పాలు పట్టినట్టు రోజుకింత పేడ మాత్రమే పెట్టాడు. సోములమ్మ పప్పో పులుసో తెచ్చి తొట్టివైపు వంగితే చాలు, కర్ర పట్టుకుని లేచేవాడు. డ్రమ్ము కదల్లేదు. ఊళ్ళో పెదవి విరిచారు. వారం తిరిగేసరికి ఒక పొద్దున వేలెడు లేచింది. మర్నాడు జానెడు లేచింది. అప్పుడు సోంబరు ఇంట్లోకి పోయి, తవిటమ్మ వేసిన పొయ్యి ముందు కాసేపు కూర్చుని, గునపం తీసుకున్నాడు. బాలాజీ కంగారుపడి, "అమ్మ ఏసిన పొయ్యి అయ్యా" అన్నాడు.

"అవును. ఇది ఉంటే మళ్ళీ ఎలిగిత్తాం" అన్నాడు సోంబరు. పెళ్ళలు పెళ్ళలుగా తవ్వి, ఆ మట్టిని తట్టలతో మోసుకెళ్ళి గెడ్డ ఒడ్డున కానుగ చెట్ల మొదట్లో పోశాడు. ఇన్నాళ్ళూ పొయ్యి దగ్గర పెద్దలకి పెట్టే దీపాన్ని ఇంటి నడిమి గుంజ నిట్టాడి దగ్గరికి మార్చాడు.

గంగ తిరిగొచ్చింది, వెంట యేసురత్నం కూడా వచ్చాడు. ఇన్నేళ్ళ తరవాత చెల్లెలి గుమ్మంలోకి అడుగుపెట్టి, పొయ్యి ఉండాల్సిన చోట అలికిన నేల చూసి, దాని పక్కనే చతికిలబడ్డాడు. గంగ గ్యాసు కుళాయి తిప్పి అగ్గిపుల్ల గీసింది. బుస్సుమని నీలం మంట నిలబడింది. గిన్నెలో చోడి అంబలి కాచి, ముందు మావకే చెంబు అందించింది.

సోంబరు ఒక గుక్క తాగాడు. అంబలి చిక్కగా ఉంది, ఉప్పు సరిగ్గా ఉంది. మింగి, ఇంకో గుక్క నోట్లో పెట్టుకుని వెతికాడు. ఏమీ లేదు. ఆయన మొహం చూసి గంగ భయపడింది.

"ఏటి మావా, బాగోనేదా?"

"బాగుందమ్మా." మూతి తుడుచుకుని అన్నాడు. "మీ అత్త వాసన నేదు."

గంగ గిన్నె దించి, మంట ఆర్పి నిలబడింది. నిలబడి, ఏ అడ్డూ లేకుండా, నిండుగా ఊపిరి తీసింది. సోంబరు ఆ శబ్దం విన్నాడు. చెంబు ఖాళీ చేసి, మళ్ళీ ఆమె ముందుకి చాపాడు.

"ఇంకాసింత పొయ్యమ్మా" అన్నాడు.